డ్రోను కోసం ఆగిన పుట్టువెంట్రుకలు

మా జయంత్ బావ గురించి చెప్పాలంటే ముందు ఆయన ఫోన్ గురించి చెప్పాలి. అన్నం కంచం ముందుకొస్తే మనం చెయ్యి కడుక్కుంటాం, ఆయన ఫోన్ అద్దం తుడుచుకుంటాడు. ఫొటో తీసి, అది జగ్గయ్యపేటలో వాళ్ళ నాన్న చెన్నకేశవరావు గారి కిరాణా హోల్‌సేల్ కొట్టుకి చేరి, అక్కడి గుమాస్తాలు బాగుందండి అన్నాక గాని ముద్ద ముట్టుకోడు. అందాకా పెళ్ళాం బిడ్డలు కంచాల ముందు బొమ్మల్లా కూర్చోవాల్సిందే.

ఆ పెళ్ళాం మా అక్క మనోజ్ఞ. నేను కిషోర్‌బాబుని, నందిగామలో పురుగుమందుల కొట్టు నాది. బావ మొదట ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ఉండేవాడు. అక్కణ్ణుంచి టాంజానియాలో ఇంకో సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అదే దుమ్ము, అవే లారీలు, అదే కుర్చీ. అయినా పేటలో చెన్నకేశవరావు గారు మావాడు ఫారిన్లో ఉన్నాడండీ అంటారు. ఏ దేశమని అడిగితే మాత్రం ఆయనకి ఎక్కడలేని దగ్గూ వస్తుంది. ఆ దేశానికేం తక్కువయిందో నాకిప్పటికీ తెలీదు. మా అక్కకి పురుడు పోసిందీ, పిల్లలకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదీ ఆ దేశపు ఆడవాళ్ళే.

వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దది సంహిత, తర్వాత వేదవ్యాస్. వ్యాస్ పుట్టగానే వాళ్ళ నానమ్మ నాగేంద్రమ్మ గారు వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకున్నారు, పుట్టువెంట్రుకలు అక్కడే ఇస్తామని. మంచిదే. అందరూ మొక్కేదే. ఏడాది నిండగానే నది ఒడ్డున గుండు గీయించి, పులిహోర తిని, ఆటోలో ఇంటికొచ్చేస్తారు. మా బావకి అలా కుదురుతుందా? మొదటి ఏడు సెలవు దొరకలేదన్నాడు. బేసి సంవత్సరంలోనే తీయాలి కాబట్టి మూడో ఏటికి వాయిదా పడింది. మూడో ఏడు ఇక్కడికి వచ్చి కూడా తీయించలేదు. పేటలో కొత్తగా కట్టిన ఏసీ ఫంక్షన్ హాలు ఆ వారం దొరకలేదట. దేవుడు ఖాళీగానే ఉన్నాడు, హాలే ఖాళీ లేదు. ఐదో ఏడు చూద్దాంలే అని విమానం ఎక్కేశాడు.

చూద్దాం అన్నవాడు ఆయన, మోసినవాడు పిల్లాడు. మొక్కు జుట్టుకి కత్తెర తగలకూడదు కదా. నేను కొట్టు తీసి అగరొత్తి వెలిగించే వేళకి అక్కడ తెల్లారుతుంది. అక్క ఫోన్ గోడకి ఆనించి, నాతో మాట్లాడుతూ వ్యాస్‌కి జడ వేసేది. వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చేవాడు. చిక్కులు, ఉక్క, చెమటకాయలు, పేలు. దువ్వెన దిగినచోటల్లా వాడి భుజాలు పైకి లేచేవి. అవతల గదిలోంచి బావ గొంతు వినపడేది, కొంచెం నవ్వుతూ దువ్వించుకోరా, వీడియో తీస్తా అని.

అక్కడి బళ్ళో పిల్లలందరికీ నున్నటి గుండే, ఆడపిల్లలకి కూడా. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మావాడొక్కడే నడుం దాకా జడ వేసుకుని వెళ్ళేవాడు. హెడ్‌మిస్ట్రెస్ పిలిచి అడిగితే బావ మా మతాచారం అని ఇంగ్లీషులో గంభీరంగా రాసిచ్చాడు. ఏసీ హాలు ఏ మతంలో ఆచారమో ఆవిడ అడగలేదు పాపం. మగపిల్లలు బంతాటకి రానిచ్చేవాళ్ళు కాదు. బాత్రూమ్‌కి వెళ్తే, నీది అటు అని ఆడపిల్లల వైపు తోసేవాళ్ళట. ఆ తోపులాటకి భయపడి వాడు బళ్ళో నీళ్ళు తాగడమే మానేశాడు. పొద్దున నింపిచ్చిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది. అక్క ఈ సంగతి చెబుతూ ఏడ్చింది.

"నువ్వే తీసెయ్యొచ్చుగా అక్కా," అన్నా.

"స్వామి సొమ్మురా కిషోరూ. మా అత్తయ్య మొక్కింది. వీడికి రేపు ఏ జ్వరమొచ్చినా నా కత్తెరనే అంటారు."

బావతో గట్టిగానే పోట్లాడిందట. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా ఇంకెంత, ఈ జూన్ దాకానే కదా అన్నాడట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆయన గొప్పకి వాడి నెత్తి. నాకైతే ఆ మనిషిని ఫోన్లోంచి లాగి నాలుగు తన్నాలనిపించింది. బావ కదా, ఊరుకున్నా.

జూన్ సెలవులకి వచ్చారు. పేట సెంటర్లో వ్యాస్ ఫ్లెక్సీ కట్టారు. అందులో మా బావ బొమ్మ వ్యాస్ బొమ్మకంటే పెద్దది. పొద్దున వేదాద్రిలో పుట్టువెంట్రుకలు, మధ్యాహ్నం ఏసీ హాల్లో భోజనాలు. మేనమామని కాబట్టి పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యాల్సింది నేను. నది ఒడ్డున పీట మీద కూర్చున్నాను. వ్యాస్ పట్టుపంచెలో నా ఒళ్ళో కూర్చున్నాడు. ఎదురుగా మంగలి పుల్లయ్య కత్తి తడుపుకుని సిద్ధంగా ఉన్నాడు. పంతులుగారు కానివ్వండి అన్నారు.

"ఆగు కిషోర్, డ్రోను రాలేదు," అన్నాడు బావ.

విజయవాడ నుంచి రావాల్సిన డ్రోను కుర్రాళ్ళ కారు సిమెంటు లారీల వెనక ఇరుక్కుందట. ఉన్న ఇద్దరు ఫొటోగ్రాఫర్లు చాలరు ఆయనకి. పంతులుగారు రెండుసార్లు గడియారం చూశారు.

"బావా, దుర్ముహూర్తం వచ్చేస్తోందంట," అన్నా.

"పైనుంచి నది, గుడి గోపురం, మధ్యలో వీడి జడ. ఆ షాట్ లేకపోతే ఇంత హంగామా దేనికయ్యా? అంతగా అయితే డిసెంబర్లో మళ్ళీ వస్తాం. అప్పుడు పెట్టుకుందాం."

డిసెంబర్ అన్న మాట వినగానే నా ఒళ్ళో పిల్లాడు బిగుసుకుపోయాడు. ఏడవలేదు. జడ తీసి ముందుకి వేసుకుని, రెండు చేతులతో నాకందించాడు. ఇక ఎవర్నీ అడగబుద్ధి కాలేదు. శాస్త్రానికి మూడు కత్తెరలు వెయ్యాలి. నేను మెడ దగ్గర పట్టుకుని జడ మొత్తం ఒక్కసారే కోసేశా. పుల్లయ్య నా మొహం చూసి, సంగతి అర్థమై, మారుమాట లేకుండా పని మొదలుపెట్టాడు. గుండు అవగానే వ్యాస్ స్నానానికి కూడా ఆగలేదు. రేవులో దూకుతున్న మగపిల్లల్లోకి పరిగెత్తాడు. వాళ్ళెవరూ వాణ్ణి నువ్వెవరని అడగలేదు.

అప్పుడొచ్చింది డ్రోను.

బావ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్టడం అయ్యాక ఆయనకో ఉపాయం తట్టింది. సంహిత జడ కూడా అంతే పొడుగు. పంచె కట్టి నా ఒళ్ళో కూర్చోబెట్టి, వెనకనుంచి తీస్తే ఎవరికీ తెలీదన్నాడు. కత్తెర నిజంగా పడినట్టుండాలి కాబట్టి చివర జానెడు కోస్తే చాలన్నాడు. సంహిత జడ గట్టిగా పట్టుకుని వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళింది.

"దాన్నొదిలేయండి. నేను కూర్చుంటా," అంది అక్క.

"నువ్వా? నిన్ను చూసి వ్యాస్ అని ఎవడనుకుంటాడే?"

"వ్యాస్‌లా కాదండీ, నాలాగే కూర్చుంటా. నాకూ మొక్కుంది. గుండు."

"ఎప్పుడు మొక్కావ్?"

"వాడు బళ్ళో నీళ్ళు మానేసిన రోజు."

బావ చుట్టూ చూశాడు. బంధువులంతా వింటున్నారు. గొంతు తగ్గించి, "ముత్తైదువువి, మూడు కత్తెరలిస్తే చాలు. మధ్యాహ్నం స్టేజీ ఉంది మనోజ్ఞా," అన్నాడు.

"నేను మొక్కింది మూడు కత్తెరలు కాదండీ."

ఆయన సాయం కోసం వాళ్ళమ్మ వైపు తిరిగాడు. నాగేంద్రమ్మ గారు అప్పటికే కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతున్నారు. "దేవుడి దగ్గర బేరాలాడకురా జయంతూ," అన్నారు.

అక్క పీట మీద కూర్చుంది. డ్రోను కుర్రాడికి సంగతి తెలీదు. వచ్చిన పని చేసుకుపోయాడు. నది, గోపురం, మధ్యలో మా అక్క జడ, అంతా బావ అడిగినట్టే వచ్చింది. మా ఇంట్లో అంత మాట అనగల మనిషి ఉందని ఆ రోజుదాకా నాకు తెలీదు.

హాల్లో స్టేజీ మీద గంధం పూసిన రెండు గుండ్లు, మధ్యలో సూటు వేసుకున్న మా బావ. కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు మొహంలో. వచ్చినవాళ్ళంతా ఆయన్ని దాటి వెళ్ళి అక్కకి దణ్ణం పెట్టారు. ఎంత భక్తమ్మా అన్నారు. అక్క, వ్యాస్ ఒకే కంచంలో తిన్నారు, ఎవరూ ఫొటో తీయకముందే.

ఇంతటితో ఆగితే ఆయన జయంత్ బావ ఎందుకవుతాడు? స్టూడియోవాళ్ళని పట్టుకుని ఆల్బమ్ ఫొటోల్లో అక్కకి కంప్యూటర్‌తో జుట్టు పెట్టించాడు. నల్లటి జడ, దాన్నిండా మల్లెపూలు, పాపిట్లో బిళ్ళ. నిజం జుట్టెప్పుడూ అంత ఒత్తుగా లేదు. ఆల్బమ్ టాంజానియా చేరిన రోజు పిల్లలిద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి, వాళ్ళు పేజీలు తిప్పుతుంటే పేటకి పంపడానికి వీడియో తీశాడు. ఆ వీడియో పేటకి రాలేదు. అందులో ఏముందో మర్నాడు నేను కొట్టు తీసేవేళకి ఫోన్ చేసి అక్క చెప్పింది.

వ్యాస్ స్టేజీ ఫొటో దగ్గర ఆగాడట. తన గుండు మీద వేలు పెట్టి నేను అన్నాడట. సూటు మీద వేలు పెట్టి నాన్న అన్నాడట. ఆ పక్కన వేలు పెట్టి చాలాసేపు చూసి, తలెత్తి వాళ్ళ నాన్నని అడిగాడట.

"ఈవిడెవరు నాన్నా? అమ్మని ఎందుకు తీసేశావ్?"