మంగళం ఒక్కటి పంపమన్నారు

బాన్సువాడ బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మనిషిది మా ఊరే. ఒకప్పుడు వాడి పని మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించడం. కాలువ కింద దున్నే ప్రతి ట్రాక్టరులోనూ వాడెక్కించిన పాటలే మోగేవి. అవి ఎవరు కట్టారు, ఎవరు పాడారు, వాళ్ళకేమైనా ముట్టిందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మా నాన్న మాత్రం ఖాళీ కేసెట్టులో పాటలు నింపించుకునేవాళ్ళను పక్కవాడి విస్తరిలో చెయ్యి పెట్టినవాళ్ళను చూసినట్టు చూసేవాడు. నేనూ అలాగే చూస్తాను. ఊళ్ళో మా తాతల కోటలాంటి ఇల్లు, ఆ గడి, పోయినా చూపు పోలేదు.

గడి కొన్నవాళ్ళు అందులో ధాన్యం బస్తాలు వేసుకుంటున్నారు. వేసుకోనీ. నేను బాన్సువాడలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను.

మా ఊరికి ఏటా వరికోతలయ్యాక పురాణకథలు ఆడే చిందు భాగవతం మేళం వస్తుంది. ఏ మేళానికి ఏ ఊరన్నది వాళ్ళు తాతల నాడే పంచుకున్నారు. ఒకరి ఊళ్ళో ఇంకొకరు గజ్జె కట్టరు. దానికి కాగితం లేదు, కోర్టు లేదు. అయినా ఆ కట్టు ఎవరూ దాటలేదు. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ లోకమంతా ఉంది గాని, ఆ పాటి బుద్ధి లేదు.

పోయినేడు ఈ దుకాణదారు మేళం ఆటను ఫోనులో పట్టి ఇంటర్నెట్టులో పెట్టాడు. కింద "అసలు హక్కుదారులకు కృతజ్ఞతలు" అని రాశాడట. దోచుకున్న ఇంటికి తోరణం కట్టినట్టు. ఈ యేడు ఊరివాళ్ళు మేళాన్ని పిలవడమే మానేశారు. పెద్ద తెర తెప్పించి ఆ వీడియోనే వేస్తామన్నారు.

మేళం పెద్ద, ముసలాయన, నా దగ్గరికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీద కూర్చున్నాడు.

"నన్ను రావద్దన్నరు దొరా. ఫోన్ల దుకాణపాయన అంటడూ, 'ఇంట్ల కూసొని ఫోన్ల నిన్ను నువ్వే చూసుకో తాతా' అని." నవ్వబోయి ఆగిపోయాడు. "ఒక్క యేడు తప్పితే ఊరి మీద హక్కు తెగుతది. ఇగ నా కొడుకులకు ఊరు లేనట్టే."

మా ఇంటివాళ్ళు ఎవరి దుకాణానికీ మాట అడగడానికి వెళ్ళింది లేదు. వెళ్ళాను.

"ఏంది అంకుల్, రీఛార్జా?" అన్నాడు వాడు, తలెత్తకుండానే.

"ముసలాయన ఆటను ఆయన్ని అడగకుండా ఎట్లా వేస్తావు?"

"అడుగుడేంది అంకుల్? నేనేమన్న దొంగతనం చేసిన్నా? ఆయన పాట ఆయన దగ్గర్నే ఉన్నది గద. నేను కాపీ చేసుకున్న, గంతే. ఫేమస్ చేస్తున్న ఆయన్ను. నాకే దండం పెట్టాలె."

"పాట ఆయన దగ్గరే ఉంది. ఊరే పోతోంది."

"ఊర్లు పోతయ్ అంకుల్. మీకు తెల్వదా?"

దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను మెట్లు దిగి వచ్చేశాను. అలాంటివాడికి జవాబు చెప్పడమంటే వాడిని పక్కన కూర్చోబెట్టుకోవడమే.

తెర ఆట చూడడానికి నేను వెళ్ళలేదు. ఏం జరిగిందో మర్నాడు ఊరివాళ్ళే వచ్చి చెప్పారు. కథ అంతా బాగానే నడిచిందట. మంగళం దగ్గరికి వచ్చేసరికి తెర నల్లబడింది. మంగళం పాడేటప్పుడే మేళానికిచ్చే కానుకల కోసం పళ్ళెం తిరుగుతుంది. పోయినేడు పళ్ళెం తన వైపు రావడం చూసి మన దుకాణదారు ఫోను జేబులో వేసుకొని మెల్లగా జారుకున్నాడు. వాడి పిసినారితనం దగ్గరే వాడి దొంగతనం కూడా ఆగిపోయింది. మంగళం లేకుండా కథ వదిలేస్తే ఊరికి అరిష్టమని ముసలమ్మలు శాపనార్థాలు మొదలుపెట్టారు.

ఇద్దరు పెద్దమనుషుల వెనక నిలబడి వాడన్నాడు: "మంగళం ఒక్కటి వాట్సాప్‌ల పంపుమని చెప్పుండ్రి దొరా. మీరంటే ఇంటడు."

మొన్నటి అంకుల్ ఇవాళ దొర అయ్యాడు.

"నేను చెప్పను. డప్పు పెట్టించి మేళాన్ని పిలుచుకురండి. ఆయనకు పంచెల చాపు పెట్టండి. మొదటినుంచి ఆడనివ్వండి."

"మళ్ళ మొదటికెల్లా? అందరు చూసిండ్రు గద!"

"చూశారు. పిలవలేదు."

వాళ్ళను కూర్చోమని అనలేదు. నిలబడే వెళ్ళిపోయారు. ఆ వారమే డప్పుతో మేళాన్ని పిలిచారు. భక్తితో కాదు, భయంతో. పాట కట్టినవాడి మీద గౌరవంతో అసలే కాదు. ఏదైతేనేం, ముసలాయన హక్కు ఈ యేడు తెగలేదు.

నన్నూ రమ్మన్నారు. ఆ పళ్ళెంలో మొదటి పంచె మా ఇంటినుంచి వెళ్ళేది. చేతులూపుకుంటూ వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో ముందు వరసన కూర్చోవడం నా వల్ల కాదు. వెళ్ళలేదు.

మర్నాడు నా ఫోనుకు వీడియో వచ్చింది. దుకాణదారే పంపాడు. "ఈసారి మంగళం మొత్తం పట్టిన దొరా. ముసలాయన మీ గడి పేరు తీసి మీ తాతకు దీవెన పెట్టిండు. ఇనుండ్రి." నాలుగు దెబ్బలు తిన్నా పెరట్లోకి మళ్ళీ వచ్చే కుక్క లాంటివాడు. ఏమీ నేర్చుకోలేదు.

గడి అమ్మినప్పటినుంచి ఆ ఊళ్ళో మా ఇంటి పేరు ఎవరూ పైకి అన్నట్టు లేదు. ముసలాయన గొంతులో అది ఎట్లా పలికిందో వినాలని ఉంది. ఫోను ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. నొక్కలేదు. ఆయన్ని అడక్కుండా పట్టిన పాట అందులో మా పేరుందని నాకు న్యాయమైపోదు. వీడియో తీసేశాను.

ముసలాయన ఎప్పుడో ఒకప్పుడు ఈ వీధిన వస్తాడు. అరుగు మీద కూర్చోబెట్టి పాడమని అడుగుతాను. వట్టి చేతులతో అడగలేను గనక నిన్న బజారుకు వెళ్ళి పంచెల చాపులు చూసి వచ్చాను. అంచు ఉన్నదే తీసుకోవాలి.