ఇస్తాంబుల్‌కు ఒడిబియ్యం

కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లలో రవికలు కుట్టే సునందకు కుట్టుమిషను ఎంతో, దాని పక్కన నిలబెట్టిన ఫోనూ అంతే. ఆ ఫోనులో తెలుగు మాటలు పెట్టిన టర్కీ సీరియల్ నడుస్తుండేది. అందులో నెర్మిన్ అనే పిల్ల ప్రేమించినవాణ్ణి పెళ్లాడినందుకు పుట్టింటివాళ్లు ఆమె మొహం చూడటం మానేస్తారు. నెర్మిన్ అత్తగారింటి నీలం తలుపు దగ్గర నిలబడి దారికేసి చూస్తుంటుంది. ఆ పిల్ల ఏడ్చిన రోజున ఎవరిదో ఒకరి రవిక చంకల దగ్గర బిగుతయ్యేది.

పుట్టింటి నుంచి ఎవరూ రాకపోవడమంటే ఏమిటో సునందకు బాగా తెలుసు. ములకలపల్లిలో తల్లి పోయాక ఆ ఇల్లు మూతపడింది. అన్నదమ్ములు లేరు. అప్పటినుంచి ఆమె ఒడిలో గుప్పెడు బియ్యం పోసినవాళ్లూ లేరు. తన బాధ ఎవరితోనూ చెప్పుకోదు గానీ, నెర్మిన్ బాధ మాత్రం వాడంతా వినేలా చెబుతుంది.

భర్త ఎల్లస్వామి గనిలో రిటైరయ్యాక, సాటి ఉద్యోగుల కుటుంబాలతో కలిసి టర్కీ యాత్ర కుదిరింది. బ్యాంకులో పనిచేసే కూతురు హర్షిత కూడా బయలుదేరింది. సునంద బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ పెట్టి మూట కట్టింది.

"ఏందే ఇది?" అన్నాడు ఎల్లస్వామి.

"నెర్మిన్‌కు ఒడిబియ్యం."

"అది సీరియల్. ఆ పిల్ల ఆడ ఉంటదా?"

"సీరియలని నాకు తెల్వదా? ఇల్లయితే నిజమే గద. గడప మీద పోసొస్త."

కట్టిన ఒడిబియ్యం పోయకుండా వెనక్కి తెస్తే ఆడపిల్లకు అరిష్టమని ఆమె నమ్మకం. ఎల్లస్వామి ఆ మూటను బట్టల పెట్టెలో సర్దాడు.

ఇస్తాంబుల్‌లో సీరియల్ తీసిన చోట్లన్నీ గైడు తిప్పి చూపించాడు. హీరో ఉంగరం తొడిగిన వంతెన మీద అందరూ ఫోటోలు దిగారు. సీరియల్లో ఇంకా పెద్దగా ఉండేదని ఎల్లస్వామి పెదవి విరిచాడు. సునందకు వంతెన పట్టలేదు. సముద్రం ఒడ్డున మెట్ల వీధిలో నీలం తలుపు కనబడగానే, చెప్పులు జారుతున్నా ఆగకుండా ఎక్కేసింది.

తలుపు మూసి ఉంది. రోడ్డు మీది నుంచే ఫోటోలు తీసుకోండని బోర్డు. కిటికీలోంచి ఒక ముసలమ్మ పొమ్మని చెయ్యి ఊపింది. రోజూ వచ్చే జనంతో పాపం ఆమె ప్రాణం విసిగిపోయి ఉంటుంది. మిగతావాళ్లు మర్యాదగా వెనుదిరిగారు. మన సునంద మాత్రం మూట ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

ముసలమ్మ తలుపు తీసి గదమాయించింది. తల్లి కోసం వెనక్కి వచ్చిన హర్షిత గబగబా ఫోను మధ్యలో పెట్టి, ఒకరి మాట ఇంకొకరి భాషలో వినిపించింది.

"ఫోటో వద్దమ్మా," అంది సునంద. "మా దిక్కు ఆడపిల్లకు తల్లిగారోళ్లు ఒడిల బియ్యం పోస్తరు. ఈ ఇంటి కోడలికి ఎవ్వరు రాలే. అందుకే నేనొచ్చిన."

ముసలమ్మ ఫోను వైపు వంగింది. ఆమె అన్న మాట ఫోను తెలుగులో చెప్పింది. "ఆ నటి ఎప్పుడో వెళ్లిపోయింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చింది నేను. నాకూ ఎవరూ రాలేదు."

"అయితే నువ్వే పట్టమ్మా."

ముసలమ్మకు కొంగు లేదు, వంటకు కట్టుకున్న గుడ్డ పట్టింది. సునంద దోసిళ్లతో పోసింది. పోయించుకున్నవాళ్లు అందులోంచి కొంచెం తిరిగి ఇవ్వాలి కాబట్టి, అదీ సైగ చేసి చూపింది. ఆ సైగ ముసలమ్మకు ఎలా అర్థమైందో గానీ, లోపలికి వెళ్లి పళ్లెం నిండా అక్రోట్లు, ఎండు అంజీర్లు తెచ్చింది. సునంద చేత కొంగు పట్టించి అన్నీ అందులో గుమ్మరించింది. సునంద బిత్తరపోయింది. ఆ తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయింది. ముసలమ్మ ఆమె కళ్లు తుడిచి, లోపలికి రమ్మని భుజం పట్టి లాగింది.

వీధి చివరినుంచి ఎల్లస్వామి కేకేశాడు. "జల్దీ రావే, బస్సు పోతది."

సునంద కొంగు రెండు చేతులా బిగించి పట్టుకుని, గడప మీదే వెనక్కి తిరిగింది.

"తల్లిగారింట్ల ఉన్న. జరసేపు ఆగమను."