మామిడి తోటలో లాంచీ డెక్కు

అది 1984 వేసవి. నూజివీడులో నాకు వడ్రంగి షాపు ఉండేది. మామూలు రోజుల్లో తలుపులు, కిటికీలు. కోతలప్పుడు మామిడికాయల పెట్టెలు. బడి ఎనిమిదో తరగతితో ఆగినా, నా సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలోనే గడిచేవి. అక్కడి ఇంగ్లీషు వడ్రంగం పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. చివరి అధ్యాయం పడవల మీద. మా ఊళ్లో దాంతో పని పడుతుందని నేనూ అనుకోలేదు.

ముసునూరు దారిలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వాళ్ల లాంచీ కొల్లేటి లంకల్లో తిరిగేది. ఇంజను మరమ్మతుకు పంపి, లాంచీని లారీ మీద తెచ్చి ఆసుపత్రి తోటలో దుంగల మీద నిలబెట్టారు. పక్క తోటలో కాయ కోసేవాళ్లు, "ఈ ఏడు కాయల్ని ఓడెక్కిస్తారా ఏంటి మేస్త్రీ?" అని నవ్వారు.

నర్సు సుగుణమ్మగారు లాంచీ లోపలికి తీసుకెళ్లి చూపించారు. లాంచీ పైతలాన్ని డెక్కు అంటారు. ఇది టేకు పలకలది. వాన పడితే కింది గదిలోకి, సరిగ్గా కాన్పు కష్టమైన ఆడవాళ్లను పడుకోబెట్టే బల్ల మీదే కారుతోంది. బాగుపడకపోతే ఈ వానలకు లాంచీ తిప్పేది లేదని డాక్టరుగారు చెప్పేశారట.

"వానాకాలం ఆ లంకలకు ఇదొక్కటే దారి మేస్త్రిగారూ," అన్నారావిడ.

చూస్తాను అనకుండా, చేస్తానండీ అన్నాను.

తలుపులో పలకకీ పలకకీ మధ్య వెంట్రుక దూరకూడదు. డెక్కులో కావాలనే సందు వదులుతారు. దాని పేరు సీమ్. అందులో దూది పేని కూరి, పైన తారు పోయడమే కాకింగ్. ఎండి బీటలిచ్చిన పాత తారంతా గీకేశాను. పుచ్చిన పలకలు మార్చాను. లాంచీ నడిపే సరంగు అప్పారావు రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. దూదిని ఇంకా గట్టిగా దిగ్గొట్టమని ఒకటే పోరు. ఎండకు కుంచించుకున్న టేకు వానల్లో ఉబ్బుతుందని, అప్పుడు చోటు లేకపోతే పలకలు లేచిపోతాయని చెప్పాను.

"ఈత కూడా పుస్తకంలోనే నేర్చావా?" అన్నాడు.

"నాకు ఈత రాదు బాబాయ్. అందుకే పడవ కారకూడదంటున్నా."

తారు గట్టిపడ్డాక డెక్కు మీద బిందెలతో నీళ్లు పోయించాను. అదే బల్ల మీద, అదే చోట చుక్క పడింది. సుగుణమ్మగారు చెయ్యి చాచి రెండో చుక్కను పట్టుకున్నారు. దానికి నేరుగా పైనున్న సీమ్ విప్పమన్నాడు సరంగు. నేను విప్పలేదు. నీళ్లు డెక్కు కింది దూలం వెంట పాకి ఎక్కడో రాలతాయని చదివాను. అయితే దిగే చోటు పట్టుకోవడం ఎలాగో అందులో రాయలేదు.

తోటలో మొక్కలకు పాదులు చేసి నీళ్లు పెడుతున్నారు. తట్టెడు బంకమట్టి అడిగి తెచ్చి, డెక్కు మీదా వరుసగా పాదులు కట్టాను. ఒక్కొక్కటే నింపి, బల్ల దగ్గర సుగుణమ్మగారిని కాపలా ఉంచాను. బల్లకు పైనున్న పాదు నిండినా చుక్క లేదు. ముందు కొసన, మోకు కట్టే ఇనుప గుంజ చుట్టూ నింపిన నీళ్లు మాత్రం మెల్లగా తగ్గాయి. కాసేపటికి లోపలి నుంచి ఆవిడ, "పడిందండీ," అన్నారు.

గుంజ ఊడదీస్తే బోల్టు చుట్టూ కర్ర మెత్తబడి ఉంది. అది తొలిచేసి కొత్త టేకు ముక్క బిగించి, తారు పూసి గుంజను మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి నీళ్లు పోసే పని సరంగుదే. పోసేముందు సుగుణమ్మగారు ఉతికిన తెల్లచీరతోనే వెళ్లి ఆ బల్ల మీద వెల్లకిలా పడుకున్నారు.

"పొయ్యండి. పేషెంటును నేనే," అన్నారు.

బిందె మీద బిందె పోశాడు. చివరికి ఆవిడ లేచి, చీర ఎక్కడా తడవలేదని తడిమి చూసుకుని, డాక్టరుగారి గదికి నడిచారు. ఆ వానాకాలమంతా లాంచీ లంకలకు తిరిగింది.

అప్పటిదాకా నా పనిని పైనుంచి చూసి మురిసిపోయేవాడిని. ఆ తర్వాత ఏ పని అప్పజెప్పాలన్నా, దాని కింద ఉండబోయే మనిషి చోటికి ముందు నేను వెళ్లి చూస్తున్నాను.