కుండీలక్క సోమవారాలు

మా కుండీలక్క దేన్నీ వారానికి మించి ఒకచోట ఉండనిచ్చేది కాదు. కుండీ అయినా, కుర్చీ అయినా, మనిషైనా సరే, సోమవారం వచ్చిందంటే జరగాల్సిందే.

ఈ జబ్బు ఆవిడకి వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే అంటుకుంది. పీజీ పరిశోధన కోసం నలభై ఎనిమిది కుండీల్లో టమాటా వేసి, ఏ ఎరువుకి ఎంత కాపో చూసేది. ప్రతి సోమవారం చీటీలు తీసి కుండీల చోట్లు మార్చేది. "ఎండ తగిలేచోట ఉన్న మొక్క ఏపుగా పెరిగితే ఎరువు గొప్పా, చోటు గొప్పా? మార్చి చూడకపోతే ఎలా తెలుస్తుందే?" అనేది. అక్కడితో ఆగితే శాస్త్రమే. ఆవిడ ఆగితేగా.

ఓ సోమవారం డిపార్ట్‌మెంటు గుమాస్తా భోంచేసి వచ్చేసరికి ఆయన బల్ల గుమ్మం పక్కనుంది.

"ఎవరమ్మా జరిపింది?"

"నేనే సార్. ఇరవై ఏళ్లుగా ఫ్యాను కిందే ఉన్నారు. పని మీరు చేస్తున్నారో, ఫ్యాను చేస్తోందో తేలొద్దూ?"

తేలింది. వచ్చేపోయేవాళ్లంతా "నా కాగితం ఏమైంది సార్" అని నిలదీస్తుంటే, ఏళ్లనాటి ఫైళ్లు వారంలో కదిలాయి.

హాస్టల్లో మాది ముగ్గురి గది. కిటికీ పక్క చోటు ఒకటో నంబరు, ఫ్యాను కిందది రెండు, మూలది మూడు. ఆ మూల గోడ అవతలే అంతస్తంతటికీ కలిపి ఒక్క బాత్రూం. దాని తలుపు పది నిమిషాలకోసారి దబ్బుమని పడేది. చీటీల ప్రకారం అక్క మంచాలు మార్చేది, మేం వాటిమీద పడుకుని ఉన్నా సరే. పర్యావరణ శాస్త్రం చదివే మా గదిలో మూడో పిల్లని 'పర్యావరణం' అనేవాళ్లం. ఓ పొద్దున నిద్రమత్తులో గుమ్మం అనుకుని బీరువాలోకి నడిచింది పాపం.

నాకసలే కుదురు తక్కువ. పైగా మట్టి రసాయనం పేపరు రెండుసార్లు తప్పాను; రెండుసార్లూ పరీక్ష వారం చీటీలో నాకు ఆ మూలే పడింది. మూడోసారీ తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. మా నాన్న టైలరు. "పోతే పోయింది, వచ్చి గుండీలు కుట్టు" అని ముందే చెప్పేశాడు. పుస్తకం తెరిస్తే లేచి నడిచేదాన్ని, కూర్చుంటే గోళ్లు కొరికేదాన్ని.

"అక్కా, పరీక్షకి నెలే ఉంది. ఈ నెల మంచాలు జరపకు," అని బతిమాలాను.

"చీటీకి చుట్టరికం తెలీదు. చిన్నదానివి, ముందు నువ్వు తియ్యి."

ఒకటి వచ్చింది. పై సోమవారమూ ఒకటే. మూడోసారీ, నాలుగోసారీ ఒకటే. నా దిష్టే నాకు తగులుతుందేమోనని నోరెత్తలేదు. మిగతా చీటీలు అక్కే విప్పి చదివేది: పర్యావరణానికి రెండు, తనకి మూడు. ఆ దబ్బుల మధ్య చెవుల్లో దూది కుక్కుకుని థీసిస్ రాసేది. ఆలస్యమైందని గైడు సార్ చేత చీవాట్లూ తినేది.

పరీక్ష రాసొచ్చిన రోజు చీటీల డబ్బా నా చేయి తగిలి కిందపడింది. లోపల వచ్చే సోమవారానికి మడిచిపెట్టిన చీటీలు మూడు. విప్పి చూస్తే మూడింటి మీదా ఒకటో నంబరే.

"నీకు తెలుసా?" అన్నాను పర్యావరణంతో.

"తెలుసు. నోరు మూసుకున్నందుకేగా నాకు ఫ్యాను."

నాకు సిగ్గేసింది. అక్క రాగానే చీటీలు చూపించి, "ఇదేం శాస్త్రం అక్కా?" అన్నాను.

"లోపం నీ బుర్రలో ఉందో, ఆ తలుపులో ఉందో చూద్దామనుకున్నా. చోటు మారిస్తేగా తెలిసేది," అంది, నా కుర్చీ జరుపుతూ.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. అక్క మార్కుల కాగితం రెండుసార్లు చదివి, "తలుపుదే," అంది.

ఆ సోమవారం చీటీలు నేను రాశాను. ముందు నేనే తీశాను. మూడు వచ్చింది. అక్క నా వంక ఓ చూపు చూసి, మిగతా రెండూ విప్పకుండానే నలిపి పారేసింది.

"సరే, ఆ కొస పట్టు," అని నా మంచం ఎత్తింది.