మామ మడమ కింది కండె

ఆ రోజుల్లో, ఉద్యోగం దొరికితే తెలివి కూడా దానితోపాటే వచ్చేస్తుందని నమ్మేవాణ్ణి. ఆదోనిలో ఒక సేవాసంస్థ వాళ్లు నేల మీదా నీళ్ల మీదా నడిచే ఎనిమిది చక్రాల బండి తెప్పించి, నన్ను డ్రైవరుగా పెట్టుకున్నారు. వంకలు పొంగి దారి తెగినప్పుడు హొళగుంద వైపు పల్లెలకు నర్సమ్మను చేర్చడం, రోగులను ఇవతలికి తేవడం దాని పని. (మావైపు వాన కోసం ఎదురుచూసే రోజులే ఎక్కువ కాబట్టి, బండి చాలాకాలం షెడ్డులోనే ఉంది.)

చివరికి వాన పడింది. పూజ చెయ్యకుండా కొత్త బండిని కదపకూడదని ఎమ్మిగనూరు నుంచి మా మామ వచ్చాడు. ఆయన మగ్గం నేసేవాడు. నేను బండిని లోపలా బయటా కడిగి, నీళ్లు కారిపోవడానికి అడుగున ఉన్న రబ్బరు బిరడా తీసి పక్కన పెట్టాను. ఎనిమిది చక్రాల కింద ఎనిమిది నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. హారతి ఆరకముందే ఫోను: వంక అవతల ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. ఆ ఊళ్లలో సైకిలు మీద చీరలు అమ్మిన మామ, దారి తనకు తెలుసంటూ తానూ ఎక్కాడు. వంక దాకా బండిని ట్రాలీ మీద తెచ్చి నీళ్లలోకి దించాం.

సగం దూరం పోయేసరికి నర్సమ్మ నిదానంగా అడిగింది.

"ఏమప్పా, నీళ్లు లోపల గూడా ఉండాల్నా?"

ఇది నీళ్లలో పోయే బండి కదా, కొంచెం ఉంటాయని ధీమాగా చెప్పాను. (ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

మామ కాలితో అడుగంతా తడిమి, బిరడా లేని రంధ్రం పట్టుకున్నాడు. ఆయన జేబులో ఎప్పుడూ నూలు చుట్టిన కండె ఒకటి ఉండేది, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టేది. దాన్ని రంధ్రంలో దిగ్గొట్టి, పైన మడమ అదిమి కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఆ తల్లికి సంగతి తెలియనివ్వలేదు. ఆదోని ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

సాయంత్రం మా మేనేజరు కండెను చూశాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"నేనే తీసినాను సార్," అన్నాడు మామ. "పసుపు రాసేకి తీసి, మళ్లా పెట్టేది మరిసినాను."

ఇక ఆయన్ను బండి ఎక్కించవద్దన్నారు. ఆయనకు ఆ బండంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. అయినా నేను నోరు విప్పలేదు. తర్వాత ప్రతి వానకూ ఫోను చేసేవాడు: "బిరడా పెట్టినావా అల్లుడా?"

మొన్న వేసవిలో మామ పోయాడు. ఇప్పుడు నేను స్కూటరు తీసే ముందు కూడా వంగి అడుగున చూస్తున్నాను. ఆయిలు కారుతోందా అని పక్కింటాయన అడుగుతాడు. లేదన్నా, బాగానే ఉందంటాను. ఆయన లోపలికి వెళ్లాక, ఎవరూ వినకుండా, "పెట్టినాను మామా" అంటాను.