తేలిన విత్తులు

నా చిన్నప్పుడు, పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో, తమిళదేశంలో కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి ఊళ్లో వానలు సరిగా పడని ఏడు ఒకటి వచ్చింది. మరుసటి ఏటికి మా ఇంట్లో ఒక్క గంపెడు పత్తి విత్తులే మిగిలాయి. ఎగువ చేను, దిగువ చేను రెండూ వాటితోనే విత్తాలి. మావాళ్లు పత్తి విత్తుల్ని పేడనీళ్లలో పైనున్న దూది నూగు అణిగేదాకా రుద్ది, కడిగి, నీళ్లతొట్టిలో పోసేవారు. మునిగినవి చేనికి, తేలినవి గొడ్లకు. ఆ ఏడు రుద్దే పని నాకు అప్పజెప్పారు.

తొట్టిలో పోస్తే సగానికి సగం తేలాయి. మా పెద్దనాయన తల పట్టుకున్నాడు. "తేలిందంతా సచ్చిన ఇత్తే. దిగువ చేను ఈ ఏడు బీడే," అన్నాడు.

మా అవ్వ అడిగింది. "తేలిన ఇత్తును నువ్వు ఎప్పుడన్నా ఏసి సూసినావా?"

"సచ్చినదాన్ని ఎవురమ్మా ఏస్తారు?"

"ఏయకుండానే సచ్చిందని ఎట్లా తెలిసె నీకు?"

అవ్వ తేలినవాటిలో పది తీసి తడిగుడ్డలో మూట కట్టి, మిగతావి నీడలో ఆరబోసింది. నాలుగో రోజు గుడ్డ విప్పితే ఆరు మొలకెత్తి ఉన్నాయి. పెద్దనాయన మాట అబద్ధమని అరుస్తూ వాకిట్లో గంతులేశాను.

అవ్వ ఆరిన విత్తులు నా అరచేతిలో పోసింది. చాలావాటికి నూగు లేచే ఉంది. ఆ నూగులో గాలి నిలిచి తేలాయి. "వీటిని రుద్దింది ఎవురే?" అంది. ఆటకు పోయే తొందరలో సగంలోనే కడిగేసింది నేనే. ఒప్పుకున్నాను.

పెద్దనాయనకు ప్రాణం లేచివచ్చింది. "సూసినావా అమ్మా, నా మాటకేం కాలే. తప్పంతా దీని చేతిది!"

అవ్వ ఆయన్నీ వదల్లేదు. "ఉండప్పా. బాగా రుద్దినాక కూడా తేలింది మొలిస్తే, అప్పుడు ఎవురి చేతి మీద ఏస్తావు?"

"అప్పుడు నా మాట తప్పే," అన్నాడాయన. ఆ మాట అనిపించుకున్నాకే అవ్వ నన్ను మళ్లీ రుద్దమంది.

వేళ్లు మండేదాకా రుద్దాను. ఈసారి తేలినవి దోసెడే. వాటిలోంచి పది తడిగుడ్డలో కట్టాం. ఒక్కటీ మొలవలేదు. పెద్దనాయన మీసం దువ్వబోతే అవ్వ, "నీ మాట ఈ ఏటికి నిలిచె, అంతే," అంది. వాన పడ్డాక రెండు చేలూ విత్తాం.

ఆ పత్తి విరుదునగరానికి బండెక్కే నాటికి అవ్వ లేదు.

చాలా ఏళ్ల తర్వాత, శాస్త్రం గురించి పండితులు వాదించుకోవడం పుస్తకాల్లో చదివాను. పరీక్షలో ఓడిన సిద్ధాంతాన్ని వదిలేయాలని ఒకరు. సిద్ధాంతం ఒంటరిగా పరీక్షకు రాదు, పరీక్ష చేసిన చేతిని కూడా చూడాలని మరొకరు. అక్షరం రాని మా అవ్వ ఒక గంపెడు విత్తులతో ఆ ఇద్దరికీ చెప్పవలసింది చెప్పిందని నాకు గర్వం. ఇప్పటికీ నేను నమ్మింది తప్పినప్పుడు ముందు నా అరచేయి చూసుకుంటాను. మళ్లీ మొదలుపెట్టే ముందు, ఏం జరిగితే ఓటమి ఒప్పుకుంటానో పైకే చెబుతాను, అవ్వకు వినబడేంత గట్టిగా.