డోలు ఆగిన చోటు

జహీరాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఆ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. ల్యాప్‌టాప్ ముందేసుకున్న అమ్మాయి ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టింది.

"జర వినక్కా. కంప్యూటర్ల రాసిన మిడి పాటను దయ్యాల గేము కోసం, టీవీకి పెట్టి ఆడే పాత గేము డబ్బాకు, గదే కన్సోల్‌కు మార్చిన. వింటే భయం కాకపోతే నన్ను పనిల నుంచి తీసేస్తరట."

"మిడి ఫైల్ల అసలు సప్పుడే ఉండదు. ఏ స్వరం ఎప్పుడు పలకాల్నో రాసుంటది, గంతే. లైబ్రరీల చదివిన. దానికి భయమెందుకు?" అన్నాను గొప్పగా.

విన్నాను. ఎవరో నా వెనకే నడిచొస్తున్నట్టు డోలు మోగింది. దగ్గరికొచ్చి, సరిగ్గా నా వీపు వెనక టక్కున ఆగింది. గబుక్కున వెనక్కి తిరిగాను. ఖాళీ బల్ల.

ఆమె ముఖం వెలిగింది. "గీ కన్సోల్ ఒకేసారి మూడు వాయిద్యాలే పలుకుతదక్కా. నాలుగోదిగా వయొలిన్ వచ్చే జాగల డోలు ఆపేసిన. గా జాగలనే తిరిగినవ్!"

రైలొచ్చింది, ఆమె వెళ్లిపోయింది.

ఇప్పటికీ కరెంటు పోయి ఫ్యాను చప్పుడు టక్కున ఆగితే, కొవ్వొత్తి వెతకడానికి ముందు వెనక్కి చూస్తాను.